ఏటి నీలమ్మ ఐదో భాగం

ఈమధ్య మా ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక ఆటస్థలం గోడ వెనకనుంచి పొద్దున్నే కర్రలు తగులుకునే చప్పుడు వినిపిస్తోంది. విజయనగరంలో కర్రసాము కొత్త కాదు. ఏదో పోటీ కోసం ఆడపిల్లలకు నేర్పుతున్నారట. ముందు తడబడుతూ టక్కు టక్కుమంటాయి, తరవాత ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ వచ్చేస్తాయి. ఎండిన వెదురు మీద ఎండిన వెదురు పడే ఆ చప్పుడు నేను చెవితో కంటే ముందు అరచేత్తో వింటాను. కుడి అరచెయ్యి ఇప్పటికీ చురుక్కుమంటుంది. భుజానికి సంచీ తగిలించుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని, నడివయసు మనిషిని అలా గోడపక్క నిలబడిపోతాను. ఆ చురుకు నాకు ఎస్తేరు టీచరుగారు ఇచ్చింది.

ఆవిడ నాకు బళ్ళో చదువు చెప్పిన టీచరు కారు. నేను చదివింది కోటబొమ్మాళిలో. ఆవిడ బొబ్బిలి హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. డిగ్రీ అయ్యాక నేను బొబ్బిలిలో మా మావయ్యగారింట్లో ఉంటూ, బజారులో ఒక డీటీపీ షాపులో పనిచేసేదాన్ని. పెళ్ళి శుభలేఖలు, ఓణీల ఫంక్షను ఫ్లెక్సీలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎవరైనా పోతే శ్రద్ధాంజలి బ్యానర్లు. కొన్నాళ్ళకి పెళ్ళికొడుకుల పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ నా బుర్రలో కలిసిపోయేవి. అక్కడికి ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ వచ్చారు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకున్నారు, నూలు చీర కొంగు నడుముకి దోపుకున్నారు, చంకలో పెద్ద అట్టల కట్ట. అందులో ఆవిడ నల్లసిరాతో గీసిన బొమ్మలు. ఒక ఆడమనిషి తెడ్డు ఎత్తి దూకుతోంది, ఎదురుగా ముగ్గురు మగవాళ్ళు గాల్లోకి ఎగురుతున్నారు, కాళ్ళ కింద నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ బొమ్మల్లో మాటల బుడగలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటిలో మాటలు నింపించుకోడానికి వచ్చారు.

నేను కంప్యూటర్లో ఉన్న అక్షరాల రకాలన్నీ ఒక్కొక్కటే చూపించాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని చూసి, "ఇవన్నీ పెళ్ళి పిలుపులకి బాగుంటాయమ్మా. తన్నులు తినేవాడు ఇంత అందంగా అరుస్తాడా?" అన్నారు. లేచి వెళ్ళిపోబోతూ తలుపు దగ్గర ఆగిపోయారు. కరెంటు పోయినప్పుడు వేలాడదీయడానికి నేను ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకున్నది అక్కడ మేకుకు తగిలించి ఉంది. 'కరెంటు లేదు. వస్తాది. కూర్చోండి.'

"ఇది ఎవరి రాత?"

"నాదేనండి."

"'వస్తాది' అని రాశావేం?"

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పేనండి, వస్తుంది అని రాయాలి. మారుస్తాను."

"మార్చకు. చదువుతుంటే ఎవరో చెప్తున్నట్టు వినపడింది. ఈ షాపులో మాట్లాడే అక్షరాలు ఇవొక్కటే. సాయంత్రాలు మా ఇంటికి వస్తావా?"

అలా మొదలయింది. ఆవిడ గీస్తున్నది 'ఏటి నీలమ్మ' అనే ఐదు భాగాల బొమ్మల కథ. నీలమ్మ ఒక ఏటి మీద పడవ నడిపే మనిషి. భూషణం అనే కాంట్రాక్టరు లారీలు దింపి ఏరంతా తవ్వి ఇసక ఎత్తుకుపోతుంటాడు. ఆ గోతుల్లో పడి నీలమ్మ తమ్ముడు మునిగిపోతాడు. ఆరోజు నీలమ్మ పడవ ఒడ్డుకు లాగి, తెడ్డు చేత పట్టుకుని బయల్దేరుతుంది. అక్కడినుంచి తన్నులే తన్నులు. పాలుపోసే అబ్బాయి దగ్గరనుంచి చర్చిలో పాటలు పాడే ముసలాయన దాకా అందరూ ఆవిడని ఒకటే అడిగేవారు, ఈ వయసులో ఈ కొట్లాటల పిచ్చి ఏమిటని. "పువ్వులూ చిలకలూ ముప్ఫయ్యేళ్ళు గీయించాను పిల్లలచేత. నా చెయ్యి కూడా ఒకసారి పరిగెత్తాలి గదా" అనేవారు.

ఆవిడ నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో గేటు దగ్గర కాపలా ఉండేవారట. కర్రసాము ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆడపిల్లకెందుకని తల్లి అంటే, నా తరవాత గేటు కాయడానికి కొడుకులు లేరుగదా అనేవారట ఆయన. అంచేత టీచరుగారు ఏ దెబ్బా ఊహించి గీసేవారు కారు. వేసి చూసేవారు. మాటలు రాయడానికని వెళ్ళిన నేను రెండోరోజుకే భూషణం మనిషినైపోయాను. పెంకుటింటి వెనక పెరట్లో నాచేతికొక కర్ర ఇచ్చి "కొట్టు" అనేవారు. నేను భయంభయంగా ఎత్తేదాన్ని. నా కర్ర సగం దిగేలోపు ఆవిడ కర్ర వచ్చి నా చేతికిందనుంచి తగిలేది, అరచెయ్యి మండిపోయేది, నా కర్ర ఎగిరి కరివేపాకు చెట్టులో పడేది. "అలాగే ఉండు, కదలకు" అని పరిగెత్తుకెళ్ళి కాగితం తెచ్చుకుని, నా నోరు తెరుచుకున్న మొహాన్ని గీసేసేవారు. ఒకరోజు పక్కింటి రాములమ్మగారు గోడమీదనుంచి చూసి, "ఓలమ్మో! టీచరుగారు ఆ గుంటపిల్లని సంపేస్తన్నారు, ఎవులైనా రండర్రా!" అని కేకేసింది. వీధివీధంతా వచ్చింది. టీచరుగారు తాపీగా నుదుటి చెమట తుడుచుకుని, "ఎలాగూ వచ్చారు. నలుగురు మగవాళ్ళు ఇలా రండి. గుంపు గీయాలి" అన్నారు. వచ్చినవాళ్ళు వెళ్ళలేక, ఉండలేక, వంకరటింకరగా నిలబడ్డారు. మూడో భాగంలో లారీల దగ్గర కొట్లాటలో కనబడే గుంపులో సగంమంది వాళ్ళే.

"పైడీ, దెబ్బ చేతిలోంచి రాదే, మడమలోంచి వస్తాది" అని చెప్పేవారు. నా పేరు పైడితల్లి. ఆవిడ నోట ఎప్పుడూ పూర్తిగా పలకలేదు. "మాట కూడా అంతే. నోట్లోంచి వచ్చినట్టు కనపడతాది గాని, అది ఎక్కడో కింద బయల్దేరుతాది. నువ్వు బుడగలో రాసేముందు ఆ మనిషి ఎలా నిలబడ్డాడో చూడు. బరువు ఏ కాలిమీద ఉంది? అది చూస్తే గాని ఎంత గట్టిగా అరుస్తాడో నీకు తెలీదు." నాకు అప్పట్లో ఇది అర్థమైందని చెప్పలేను. కాని నీలమ్మ "ఏటిరా?" అని అడిగినచోట ఆ 'ఏ' దీర్ఘం ఎంత లాగాలో చూడటానికి ఆవిడ బొమ్మలోలాగా కాలు ముందుకేసి నిలబడి అనుకునేదాన్ని. అనుకుంటే చెయ్యి దానంతట అది రాసేది.

పుస్తకాలు ఒక్కొక్కటీ వచ్చాయి. బొబ్బిలి బస్టాండులో పేపర్లమ్మే బడ్డీకొట్టులో ముందు వెనకవరసలో పెట్టారు. మూడో భాగానికి పత్రికలకంటే ముందు తాడుకు వేలాడదీశారు. నాలుగో భాగం ఆఖరి పేజీలో నీలమ్మ పాతవంతెన మధ్యలో ఒంటరిగా ఉంటుంది. రెండువైపులనుంచీ భూషణం లారీలు దీపాలు వేసుకుని వస్తుంటాయి. అక్కడ ఆపేశారు టీచరుగారు. అది బయటికి వచ్చాక నాకు బజారులో నడవడం కష్టమైపోయింది. టీకొట్టాయన గ్లాసు ఇస్తూ "దూకేస్తాదా? దూకదుగదా?" అనేవాడు. బస్సులో కండక్టరు టిక్కెట్టు కొట్టకుండా "ముందు ఇది సెప్పమ్మా" అని నిలబడేవాడు. మా మావయ్య, జన్మలో పేపరు తప్ప ఇంకేమీ చదవని మనిషి, భోజనం దగ్గర మా అత్తతో "దాన్ని అడుగు" అని సైగ చేసేవాడు.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంనుంచి పుస్తకాలు పంపిణీ చేసే ఆయన ఒకరు వచ్చారు. మంచి మనిషే. వరండాలో కూర్చుని బెల్లం టీ తాగి, "ఏటి నీలమ్మ అంటే ఏంటండి మేడమ్, 'ఏమిటి నీలమ్మ' అనా?" అని అడిగారు. "ఏరు ఆవిడది కాబట్టి ఏటి నీలమ్మ. అందర్నీ 'ఏటి?' అని నిలదీస్తాది కాబట్టి కూడా ఏటి నీలమ్మే. మీకు ఏది నచ్చితే అది పెట్టుకోండి" అన్నారు టీచరుగారు. ఆయన నవ్వి అసలు సంగతికి వచ్చారు. కథ ఐదో భాగంతో ఆపొద్దు, భూషణం తప్పించుకుపోవాలి, నీలమ్మ వెంటపడాలి, ఇలా ఎన్నాళ్ళయినా నడుస్తుంది, అన్ని జిల్లాలకూ నేను వేయిస్తాను.

"మొదటి పుస్తకం వెనక అట్టమీద ఐదు భాగాలు అని వేశానండి" అన్నారు టీచరుగారు.

"జనం ఇంకా కావాలంటున్నారు కదండి."

"పెళ్ళి భోజనంలో కూడా ఇంకా కావాలంటారు. అలాగని విస్తళ్ళు తియ్యకుండా ఉంటామా?"

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. నాకు నీలమ్మ అయిపోతే మళ్ళీ ఆ శుభలేఖలే. "మీరు మొదలెట్టకపోయినా బాగుండేది టీచరుగారూ. ఇంతమంది అడుగుతుంటే ఆపేస్తాననడం ఏటి?" అన్నాను. ఆవిడ సిరాబుడ్డి మూత బిగిస్తూ, "ముగించడం భయమైనవాళ్ళే సాగదీస్తారు పైడీ. ఆఖరి పుస్తకం గీసేటప్పుడే మనకి నిజంగా ఏం తెలుసో బయటపడతాది. అది తప్పించుకోమంటావా?" అన్నారు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. కొన్నాళ్ళు వెళ్ళలేదు. ఒక సాయంత్రం ఆవిడే షాపుకు వచ్చి, కస్టమర్లందరి ముందూ, "కోపం తగ్గితే రా. తగ్గకపోయినా రా. భూషణం వేషానికి మనిషి లేక నేనూ రాములమ్మా అవస్థ పడుతున్నాం" అన్నారు. పెద్దవాళ్ళు అలా అడిగితే ఇంకేం కోపం మిగులుతుంది? వెళ్ళాను.

ఆవిడ అప్పటికి ఐదో భాగం సగం గీసేశారు. వంతెన మీద పెద్ద కొట్లాట. నీలమ్మ లారీల పైనుంచి లారీల పైకి దూకుతూ, అడ్డొచ్చినవాణ్ణల్లా ఏట్లోకి విసిరేస్తూ వెళ్ళి, భూషణాన్ని తెడ్డుతో కొట్టి చంపేస్తుంది. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. ఆ సాయంత్రం పెరట్లో ఆఖరి దెబ్బ ఎలా పడాలో వేసి చూస్తున్నాం. సందులో ఒక లారీ ఆగిన చప్పుడైంది. తలకి ఆకుపచ్చ తువ్వాలు చుట్టుకున్న ఒక పొడవాటి మనిషి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. నా చేతిలో కర్ర జారిపోయింది. ఆ మనిషి నాకు బాగా తెలుసు. ఆ పెద్ద చెవులు, ఆ తువ్వాలు, ఒక భుజం కాస్త కిందకి వాలిన ఆ నిలబడే తీరు, అన్నీ మా పుస్తకంలో ఉన్నాయి. భూషణం మనుషుల్లో ప్రతి భాగంలోనూ అందరికంటే ముందు దెబ్బ తినేవాడు అతనే.

"బాగున్నారేటి టీచరుగారూ? నన్ను పోల్చినారా?"

టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "సింహాచలం... వెనక బెంచీ. లారీ బొమ్మ తప్ప ఇంకోటి గీసేవాడివి కాదు."

"ఇప్పుడు అదే తోల్తన్నాను." అతను చొక్కా లోపలినుంచి మడతపెట్టిన మూడో భాగం తీశాడు. ఒక పేజీ తెరిచి వరండా అరుగుమీద పెట్టాడు. నీలమ్మ తెడ్డు దెబ్బకి పళ్ళు రాలిపోతున్న మనిషి. "ఇది నాను కాదేటి? నా పళ్ళన్నీ ఉన్నాయి టీచరుగారూ, సూడండి" అని నిజంగానే నోరు తెరిచి చూపించాడు. నాకు నవ్వొచ్చింది. తరవాత అతను చెప్పింది విన్నాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. "మా పాప ఆరో తరగతి. బళ్ళో పిల్లలు 'మీ నాన్న పళ్ళు ఊడిపోనాయటే' అని ఏడిపిస్తన్నారు. ఇంటికొచ్చి నన్ను అడిగింది, నాన్నా, నువ్వు సెడ్డోడివేటి, అని. నానేటి సెప్పను?"

టీచరుగారు మెట్టుమీద కూర్చున్నారు. "నీ మొహం అని అనుకుని గీయలేదురా. చెయ్యి దానంతటది గీసేసింది. తప్పయిపోయింది నాయనా."

"అయ్యో, మీరు అలగనకండి." అతను తువ్వాలు విప్పి చేతిలో మెలిపెట్టాడు. "నాను ఇసక తోల్తన్నమాట నిజమే. అబద్దమెందుకు? యజమాని ఎక్కడ ఎత్తమంటే అక్కడ ఎత్తుతాను. మీ నీలమ్మ సెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ టీచరుగారూ, అన్ని పుస్తకాల్లోనూ దెబ్బలు తింటన్నాను గదా, నాసేత ఒక్క మాట ఆడించినారేటి? 'అమ్మో', 'సచ్చాను'. ఆ రెండే."

ఆ రెండు మాటలూ రాసింది నేను. ఎంతో ముద్దుగా, వంకరగా, చుట్టూ చుక్కలు పెట్టి మరీ రాశాను.

"మాట్లాడనిస్తే ఏం మాట్లాడతావురా?" అని అడిగారు టీచరుగారు. అడగడంలో వెటకారం లేదు, పరీక్ష లేదు. సింహాచలం తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకోబోయి ఆగాడు. కరివేపాకు చెట్టువైపు చూశాడు. "ఏమో టీచరుగారూ. ఎవులూ అడగలేదు. ఆలోసించాలి."

"ఆలోచించి చెప్పు. నువ్వు చెప్పేదాకా పుస్తకం ఆగుతుంది."

నిజంగానే ఆపేశారు. గీసిన పేజీలన్నీ తీసి బీరువాలో పెట్టేశారు. ఒక కొత్త అట్ట తీసుకుని, వంతెనమీద లారీ ముందు నిలబడ్డ సింహాచలాన్ని ఒక్కణ్ణే గీశారు. తలపక్క పెద్ద మాటల బుడగ గీశారు. దాన్ని ఖాళీగా వదిలేసి గోడకి తగిలించారు. విశాఖపట్నం ఆయన ఫోనులో విసుక్కున్నారు. బడ్డీకొట్టాయన రోజూ కబురు పెట్టేవాడు. అచ్చుకిస్తామన్న గడువు దాటిపోయింది. నాకు ఆత్రం ఆగక నేనే ఒక మాట రాసి తీసుకెళ్ళాను. 'మన్నించు నీలమ్మా, నేటినుంచి నేను నీ వెంటే!' టీచరుగారు చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చేశారు. "ఇది నీలమ్మని ఇష్టపడే పైడి మాట. లారీ దిగేవాడి మాట కాదు. వాడు ఏ కాలిమీద నిలబడ్డాడో మనకి తెలీదే ఇంకా" అన్నారు.

తెలుసుకోడానికి ఒకరోజు పొద్దున్నే మేమిద్దరం అతని లారీ ఎక్కాం. ఆరోజు పార్వతీపురంవైపు ఇటుకల లోడు. అంత ఎత్తు మెట్టు ఆవిడ ఎలా ఎక్కుతారా అని నేను చూస్తుండగానే చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి కూర్చున్నారు. దారంతా స్టీరింగుమీద అతని చేతులు గీస్తూనే ఉన్నారు. అతను మొదట బిగుసుకుపోయి, తరవాత గేర్ల గురించి, పాప చదువు గురించి, ఘాట్‌లో బ్రేకులు వాసనేస్తే ఏం చెయ్యాలో దాని గురించి చెప్పుకొచ్చాడు. టీచరుగారు ఏమీ అడగలేదు. తిరిగి వస్తూ ఏటి వంతెన ఎక్కాక అతను లారీ నెమ్మది చేశాడు. కింద నీళ్ళు సన్నగా పారుతున్నాయి.

"మా అయ్య ఈ ఏట్లోనే నాకు ఈత నేర్పినాడు టీచరుగారూ. నా పాపని మాత్రం నాను దిగనివ్వను. గోతులెక్కడున్నాయో నాకు తెలుసు. నా బండే నిలబెట్టి తవ్వించినారు."

ఊరు దగ్గరపడ్డాక టీచరుగారు, "ఈ మాట నేను రాసుకోనా సింహాచలం?" అని అడిగారు.

"రాసుకోండి. పేరు మాత్రం మార్సండి. మా యజమాని సదువుతాడు."

ఆవిడ పేరు అప్పన్న అని మార్చారు. "సింహాచలం దేవుడి పేరే అప్పన్న, ఈ జిల్లాలో ఎవరికి తెలీదు టీచరుగారూ?" అని నేను తలపట్టుకుంటే ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

మీలో ఎవరూ ఆ పుస్తకం చూసి ఉండరు కాబట్టి ఐదో భాగం ఎలా ముగిసిందో చెప్పాలి. వంతెన మీద కొట్లాట ఉంది. కుదించలేదు, ఇంకాస్త పెంచారు కూడా. "తన్నులు లేకపోతే కొన్నవాళ్ళు వచ్చి మనల్ని తంతారు" అన్నారు. నీలమ్మ అలిసిపోయి, తెడ్డు విరిగి, వంతెన గోడకి ఆనుకుంటుంది. అప్పుడు ముందున్న లారీ ఇంజను ఆగిపోతుంది. ఆకుపచ్చ తువ్వాలు మనిషి కిందకి దిగుతాడు. నీలమ్మ విరిగిన తెడ్డు ఎత్తుతుంది. అతను చేతులు అడ్డంపెట్టడు. ఆ గడిలో పెద్ద బుడగ. 'నీలమ్మా, ఏట్లో గోతులెక్కడున్నాయో నాకు తెలుసు. రా, సూపిస్తాను.' ఆ మాట నేను రాసిన సాయంత్రం టీచరుగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు, నన్ను ఒంటరిగా వదిలేసి. నేను అట్ట ముందు లేచి నిలబడ్డాను. ఒక భుజం కిందకి వాల్చి, రెండు కాళ్ళమీదా సమంగా బరువు వేసి, ఆ మాట పైకి అనుకున్నాను. అప్పుడు రాశాను. 'చూపిస్తాను' అని దిద్దనా అని ఆవిణ్ణి అడగలేదు.

తరవాత ఇద్దరూ ఏట్లో పరిగెత్తుతారు, అతను దారి చూపిస్తూ, ఆమె వెనకాల. తరుముకొచ్చిన భూషణం జీపు తను తవ్వించిన గోతిలోనే దిగబడిపోతుంది. నీళ్ళు పీకలదాకా వస్తాయి. నీలమ్మ గట్టున నిలబడి చూస్తుంది. ఒక పేజీ అంతా ఆమె మొహమే. ఆ పేజీలో ఒక్క మాట లేదు. పేజీ తిప్పితే ఆమె విరిగిన తెడ్డు భూషణానికి అందిస్తోంది. ఆఖరి బొమ్మలో పడవ ఏరు దాటుతోంది, నీలమ్మ కొత్త తెడ్డు వేస్తోంది.

పుస్తకం వచ్చాక తిట్టినవాళ్ళూ ఉన్నారు. టీకొట్టాయన వారంరోజులు నాతో మాట్లాడలేదు. "భూషణాన్ని బతికించీసినారు. ఇదేటి నాయం?" అన్నాడు. విశాఖపట్నం ఆయన, ఆడవాళ్ళు మెత్తబడిపోతారని ముందే అనుకున్నాను అన్నారట. మా మావయ్య మాత్రం ఆ మాట లేని పేజీ దగ్గర వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. సింహాచలం పాపని వెంటబెట్టుకుని జీళ్ళ పొట్లంతో వచ్చాడు. ఆ పిల్ల వచ్చీ రాగానే ఆ పేజీ తీసి, బుడగలో మాట మా అందరికీ చదివి వినిపించింది, వాళ్ళ నాన్న గొంతుతో. వెళ్ళేముందు అతను గేటు దగ్గర ఆగి, "కతలో లారీ దిగడం సులువే టీచరుగారూ" అన్నాడు. "గీయడం నాకు సులువు కాలేదురా" అన్నారు ఆవిడ. అంతకంటే ఏమీ అనుకోలేదు వాళ్ళు. మర్నాడు అతను మళ్ళీ ఇసక లారీయే తోలాడు. చాన్నాళ్ళు తోలాడు కూడా. ఒకరోజు బజారులో స్కూలు వ్యాను నడుపుతూ కనిపించాడు. ఎప్పుడు మానేశాడో, ఎందుకు మానేశాడో మాకు చెప్పలేదు, టీచరుగారు అడగలేదు.

ఆరో భాగం కోసం తరవాత కూడా కొందరు వచ్చారు. "నీలమ్మ పడవలో ఉంది. ఉండనివ్వండి" అనేవారు. నన్ను కూడా ఆ ఊళ్ళో ఉండనివ్వలేదు. విజయనగరంలో పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే ఒక చిన్న ఆఫీసులో మనిషి కావాలని తెలిసి, నా రాతలన్నీ కట్టగట్టి తనే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆఖరి సంవత్సరాల్లో ఆవిడ పాతపట్నంలో చెల్లెలిగారింటికి వెళ్ళిపోయారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా చుట్టుపక్కల ఆడపిల్లలు పెరట్లో కర్రలు తిప్పుతూ కనిపించేవారు. ఆవిడ కుర్చీలో కూర్చుని "మడమ, మడమ!" అని అరుస్తుండేవారు.

రెండేళ్ళ కిందట పోయారు. చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. నన్ను లేపబోయారు గాని నేను తల అడ్డంగా ఊపాను. వెనకవరసలోంచి సింహాచలం లేచాడు. వ్యాను తోలుకుంటూ అంతదూరం వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. అందరూ తనవైపు తిరిగేసరికి తువ్వాలు మెలిపెడుతూ, "టీచరుగారు నాకు మాట ఇచ్చినారు" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. ఏదో సాయం చేస్తానని మాట ఇచ్చి ఉంటారని అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. పాపం, తీరకుండానే పోయారని ఒకావిడ నా పక్కన కళ్ళు ఒత్తుకుంది కూడా. నేను సరిచెయ్యలేదు.

ఇక్కడ అక్షరాలు రాస్తూ రాస్తూ బొమ్మలు గీయడం కూడా నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఆఫీసుకు వచ్చే కథల్లో చాలావాటిలో పరుగులూ వెంటాడటాలూ ఉంటాయి. పిల్లలకి అవే ఇష్టం. ఈ నెల నేను గీస్తున్నదాన్లో ఒక దొంగ రైల్వే స్టేషన్లో పరిగెత్తుతాడు, పోలీసమ్మాయి వెంటపడుతుంది, మధ్యలో జామపళ్ళమ్మే ఒకావిడ బుట్ట తిరగబడి పళ్ళన్నీ పట్టాలమీద దొర్లిపోతాయి. కథ రాసినాయన అక్కడ 'పళ్ళు దొర్లును, పిల్లలు నవ్వుదురు' అని రాసిచ్చారు. నేను ఆ పళ్ళమ్మే ఆవిణ్ణి గీశాను. ఆవిడ తలపక్క ఒక బుడగ గీసి ఖాళీగా వదిలేశాను. మా ఆఫీసు కుర్రాళ్ళు చూసి, ఏమైనా రాసేయండి మేడమ్, బొమ్మ అచ్చుకి వెళ్ళాలి అంటున్నారు. ఏమైనా రాసెయ్యడం నాకు చేతకాదు. కోటబొమ్మాళి స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర జామపళ్ళు అమ్మే ఒకావిడ ఉంది. రేపు పొద్దున్న బండికి వెళ్తున్నాను, అడగడానికి.